పార్కు టికెట్టు పెద్దలకు ఎత్తేయాలంటే?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. రోజూ పార్కులో నడుస్తారు. పెద్దవాళ్లకు ప్రవేశ రుసుము ఎత్తేయమని ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు టికెట్టు మీద ఏ సంస్థ పేరుందో చూడండి. వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పార్కు గురించి జీవీఎంసీకి (నగరపాలక సంస్థకు) రాస్తే అర్జీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. వీఎంఆర్‌డీఏదైతే సిరిపురం ఉద్యోగ భవన్‌లో, మెట్రోపాలిటన్ కమిషనర్ పేరిట ఇవ్వండి.

ఊరికే ‘రాయితీ ఇవ్వండి’ అంటే చాలదు. ‘60 ఏళ్లు నిండినవారికి, ఉదయం 5 నుంచి 9 దాకా, ఆధార్ చూపితే ఉచితం’ అని గేటు సిబ్బందికి అనుమానం రాకుండా రాయండి. 2007 నాటి వయోవృద్ధుల చట్టంలోనూ 60 ఏళ్లే. తోటి నడకదారుల సంతకాలు, వయసులు జతచేయండి. రెండో ప్రతిపై తేదీతో ముద్ర తప్పకుండా వేయించుకోండి. అది లేకపోతే అర్జీ ఇచ్చినట్టు రుజువే ఉండదు.

కదలిక లేకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.