లాండ్రీ రూమ్‌లో కలిసిన ఆవిడ

చిరంజీవి రమ్యకు,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. అమెరికాలో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య అసలేం జరుగుతోంది, పేపర్లూ టీవీలూ దాన్ని ఎందుకు సరిగ్గా చూపించడం లేదు అని ఈ వయసులో నీకు అనిపించినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. వచ్చిన రెండేళ్లలో మన పిల్లల్లో ఎక్కువమందికి వీసా టెన్షన్ తప్ప ఇంకేమీ కనబడదు. అది వాళ్ల తప్పు కూడా కాదు.

ఇక అసలు సంగతి. పది పేజీల వ్యాసంలో ప్రాణమున్న వాక్యం ఒక్కటే ఉంది, నాలుగో పేజీలో. మీ అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో కలిసిన నల్లజాతి ఆవిడ, కొడుకు రాత్రిపూట కారు తీసుకుని బయటికెళ్తే వాడు తిరిగొచ్చేదాకా తనకు నిద్ర పట్టదని చెప్పిందని రాశావు. అంతే. తర్వాతి వాక్యంలోనే నువ్వు 1619కి, వర్జీనియా తీరానికొచ్చిన బానిసల ఓడకి వెళ్లిపోయావు. ఆవిడ లాండ్రీ రూమ్‌లోనే ఉండిపోయింది.

మిగతా పేజీల్లో ఐదు చోట్ల "మీడియా అమ్ముడుపోయింది" అని ఉంది. ఐదూ కొట్టెయ్. ఆ మాట రాసేశాక ఇక వెతకాల్సిన పని ఉండదు, నీకూ ఉండదు, చదివేవాడికీ ఉండదు. వార్త ఎక్కడ తప్పిపోయిందో, ఎవరి చేతిలో తప్పిపోయిందో చూపించడం నీ పని. చాలాసార్లు అది డబ్బు దగ్గర కాదు, చాలా మామూలు చోట తప్పిపోతుంది.

విజయవాడలో నేను పేపర్ డెస్క్‌లో ఉన్న రోజుల్లో రాత్రి పదకొండు దాటాక పోలీసుల ప్రెస్ నోట్ వచ్చేది. "ఎదురుకాల్పుల్లో ఇద్దరు మృతి." పేజీ వెళ్లిపోయే టైము. ఎవరికి ఫోన్ చేస్తాం? పోలీసుల నంబరు ఉంటుంది. చనిపోయినవాళ్ల ఊళ్లో ఒక్కరి నంబరూ ఉండదు. నోట్‌లో ఉన్నదే సింగిల్ కాలమ్ అయిపోయేది. ఆ రాత్రి ఆ బల్ల దగ్గర ఎవరూ అమ్ముడుపోలేదు. నంబరు లేదు, అంతే.

2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి ఆయన పోలీసు మోకాలి కింద చనిపోయాక మినియాపొలిస్ పోలీసులు ఇచ్చిన మొదటి నోట్ కూడా అలాంటిదే. మన పేపర్ భాషలో చెప్పాలంటే, పోలీసులు అదుపులోకి తీసుకుంటుండగా అస్వస్థతకు గురై ఒక వ్యక్తి మృతి. మెడ మీద మోకాలి మాట లేదు. తొమ్మిది నిమిషాలకు పైగా నొక్కి ఉంచిన మాట లేదు. ఆయుధాలేవీ వాడలేదని మాత్రం ఉంది. ఆ దారిన వెళ్తున్న ఒక పదిహేడేళ్ల అమ్మాయి ఫోన్ తీసి వీడియో తియ్యకపోయి ఉంటే ఆ నోటే వార్త, అదే చరిత్ర. మరుసటి ఏడాది, అమెరికా పత్రికారంగంలో పెద్ద బహుమతులిచ్చే పులిట్జర్ బోర్డు ఆ అమ్మాయికి ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు ఆమెకు న్యాయమే. కానీ నాకు కడుపులో దేవినట్టయ్యేది వేరే ఆలోచన. వీడియో తియ్యడానికి ఎవరూ లేని రోజుల్లో ఇలాంటి నోట్లు ఎన్ని వార్తలైపోయి ఉంటాయి?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నీకు చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు.

2014 నాటికి నేను సెయింట్ లూయిస్ వచ్చి పదహారేళ్లు. ఊరికి పడమటి వైపు మా ఇల్లు. ఆదివారం బాల్విన్‌లో గుడి, తర్వాత ఇండియన్ స్టోర్, పిల్లల కూచిపూడి క్లాసు. ఇండియా నుంచి ఎవరైనా వస్తే లాంబర్ట్ ఎయిర్‌పోర్టు. ఆ ఎయిర్‌పోర్టు పక్కనే ఫెర్గూసన్ అనే చిన్న ఊరు. పదహారేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఎగ్జిట్ తీసుకోలేదు. "అటువైపు మంచిది కాదండీ" అని వచ్చిన వారంలోనే ఎవరో చెప్పారు. తర్వాత వచ్చినవాళ్లకు నేనూ అదే చెప్పాను. ఆ ఆగస్టు 9న మైకేల్ బ్రౌన్ అనే పద్ధెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాణ్ని అక్కడ పోలీసు కాల్చి చంపాడు. ఊరు భగ్గుమంది. నేను సోఫాలో కూర్చుని టీవీ చూస్తూ ఒక తెలుగు పత్రికకు వ్యాసం రాసి పంపాను. "ఫెర్గూసన్ మంటలు" అని హెడ్డింగ్. చాలామంది మెచ్చుకున్నారు. అందులో ఉన్నదంతా టీవీలో ఉన్నదే.

2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ నివేదిక బయటికొచ్చింది. వంద పేజీల పైమాట. ఒక రాత్రి కూర్చుని మొత్తం చదివాను. ఫెర్గూసన్ జనాభా ఇరవై ఒక్క వేలు. 2013 ఒక్క ఏడాదిలో ఆ ఊరి మునిసిపల్ కోర్టు తొమ్మిది వేలకు పైగా వారెంట్లు ఇచ్చింది. ఎక్కువ భాగం పార్కింగు, ట్రాఫిక్ టికెట్లు (మన చలాన్ల లాంటివి), ఇంటి నిబంధనల కేసులు. టికెట్లు రాయడం పెంచకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెరగడం కష్టమని ఆర్థిక శాఖ అధికారి పోలీస్ చీఫ్‌కి రాసిన ఈమెయిల్ కూడా అందులో ఉంది. ఊళ్లో నల్లవాళ్లు 67 శాతం. ఆపిన కార్లలో వాళ్లవి 85 శాతం, అరెస్టుల్లో వాళ్లు 93 శాతం. రోడ్డు మీద నడవాల్సిన పద్ధతిలో నడవలేదు అనే కేసు కూడా ఒకటుంది, దాంట్లో 95 శాతం. మైకేల్ బ్రౌన్‌ని పోలీసు మొదట ఆపింది నడిరోడ్డు మీద నడుస్తున్నందుకే.

ఈ అంకెలు అప్పట్లో అందరూ రాశారు. నన్ను పట్టుకున్నది ఒకావిడ కథ. నల్లజాతి ఆవిడ, పేరు నివేదికలో లేదు. 2007లో ఒకచోట కారు తప్పుగా పార్క్ చేసింది. రెండు టికెట్లు, 151 డాలర్ల జరిమానా, పైన ఫీజులు. చేతిలో డబ్బు లేదు, కొన్నాళ్లు తలదాచుకోవడానికి ఇల్లూ లేదు. వాయిదాలు తప్పింది. తప్పిన ప్రతిసారీ కొత్త కేసు, కొత్త జరిమానా, అరెస్టు వారెంటు. రెండుసార్లు అరెస్టయి ఆరు రోజులు జైల్లో ఉంది. ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు పంపితే, మొత్తం కడితేనే తీసుకుంటామని కోర్టు వెనక్కి పంపేసింది. 2014 డిసెంబరు నాటికి ఆవిడ 550 డాలర్లు కట్టింది. ఇంకా 541 డాలర్లు బాకీ ఉంది.

ఆ 25 డాలర్లు తిరిగొచ్చిన కవరు గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. మన వడ్డీ వ్యాపారి కూడా ఉన్నంత ఇమ్మని తీసుకుంటాడు.

తర్వాత నెలలో ఆ చుట్టుపక్కలే ఒక చిన్న ఊరి కోర్టుకి వెళ్లాను. ఆ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో, అలాంటి చిన్న చిన్న కోర్టులు అప్పట్లో ఎనభై దాకా ఉండేవి. సాయంత్రం పూట, బడి హాలు లాంటి గదిలో మడత కుర్చీలు వేసి నడుపుతున్నారు. క్యూ బయట పార్కింగు దాకా ఉంది. నా ముందు ఒక పెద్దాయన, చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాయితం. దేనికండీ అంటే, ఇంటి ముందు గడ్డి పెరిగిందట. లోపల మూడు గంటలు కూర్చున్నాను. జడ్జి, క్లర్కు, ప్రాసిక్యూటర్ తెల్లవాళ్లు. పేరు పిలిస్తే లేచినవాళ్లు దాదాపు అందరూ నల్లవాళ్లు. విలేకరులు ఒక్కరూ లేరు.

అక్కడ రహస్యమంటూ ఏదీ లేదు రమ్యా. తలుపులు తీసి, బయట బోర్డు పెట్టి, నెలనెలా జరిగే వ్యవహారం. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఏళ్ల తరబడి ఎవరూ కూర్చోలేదు. ఆ కోర్టుల్లో పేదల తరఫున వాదించే ఆర్చ్‌సిటీ డిఫెండర్స్ లాయర్లకు తెలుసు, వరుసలో నిలబడ్డవాళ్లకు తెలుసు. మనకే తెలియదు. కెమెరాలు మంటలు రేగాక వచ్చాయి, వచ్చినవి మంటలనే చూపించాయి. 2005 నుంచి ఈ దేశంలో మూడో వంతుకు పైగా పేపర్లు పోయాయి కదా, ముందు పోయింది ఇలాంటి కోర్టులకూ కౌన్సిల్ మీటింగులకూ వెళ్లే కుర్రాడి ఉద్యోగమే.

ఇంకొకటి కూడా రాయాలి. అదే రోజు న్యాయశాఖ రెండో నివేదికా ఇచ్చింది. బ్రౌన్ చేతులు పైకెత్తి లొంగిపోతుంటే కాల్చారన్న కథనానికి సాక్ష్యం నిలవలేదని, ఆ పోలీసు మీద ఫెడరల్ కేసు పెట్టలేమని అందులో ఉంది. నా "ఫెర్గూసన్ మంటలు"లో మొదటి పేరా ఆ చేతులెత్తిన దృశ్యమే. నీకు ఇష్టమైన పక్షానికి నచ్చని నిజం దొరికినప్పుడు దాన్ని నువ్వే ముందు రాయి. నువ్వు దాచింది రేపు ఎవడో బయటపెడతాడు. అప్పుడు ఆ 151 డాలర్ల ఆవిడ కథ కూడా అబద్ధమే అంటారు.

నీ వ్యాసంలో, 1968లో నివేదిక ఇచ్చిన కెర్నర్ కమిషన్‌ని ఒక్క లైన్లో దాటేశావు. అక్కడ ఆగు. 1967లో న్యూఆర్క్, డెట్రాయిట్ అల్లర్ల తర్వాత అధ్యక్షుడు జాన్సన్ వేసిన కమిషన్ అది. నివేదికలో ఒక అధ్యాయం మొత్తం పత్రికల మీదే ఉంది. డెట్రాయిట్‌లో నష్టం 20 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్ల దాకా అని పేపర్లు మొదట రాశాయి. తీరా లెక్క తేలితే నాలుగున్నర కోట్లు దాటలేదు. మంటలు పది రెట్లు కనబడ్డాయి, వాటి వెనకున్న కారణాలు కనబడలేదు. పత్రికలు తెల్లవాళ్ల లోకంలో కూర్చుని, తెల్లవాళ్ల కళ్లతోనే బయటికి చూస్తున్నాయని కమిషన్ తేల్చింది. మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఊరు వేరు, వాడ వేరు. ఊళ్లో పెళ్లీ వార్తే, జాతరా వార్తే, బావి తవ్వినా వార్తే. వాడ తగలబడితేనే వార్త.

కెంటకీలో లెక్సింగ్టన్ హెరాల్డ్-లీడర్ అనే పత్రిక ఉంది. మన పేపర్లలో మూలన "సవరణ" అని వేస్తారే, అలాంటిది 2004 జులై 4న మొదటి పేజీలో వేసింది. పౌరహక్కుల ఉద్యమాన్ని తమ పత్రిక పట్టించుకోలేదన్న సంగతి దృష్టికి వచ్చిందని, అందుకు విచారిస్తున్నామని. నలభై ఏళ్ల తర్వాత! ఆ ఊళ్లోనే 1960ల్లో నల్లవాళ్లు హోటళ్లలో బైఠాయించారు, ఊరేగింపులు తీశారు. అప్పుడు అక్కడి రెండు పేపర్లు వాటిని లోపలి పేజీల్లోకి నెట్టేశాయి, లేదంటే వదిలేశాయి. నల్లవాళ్ల పెళ్లిళ్లకూ చావులకూ మాత్రం విడిగా ఒక కాలమ్ ఉండేది. ఆ ఉద్యమం ఫొటోలు ఒక నల్లజాతి ఫొటోగ్రాఫర్ దగ్గర ఉండబట్టి 2004లో అచ్చు వెయ్యగలిగారు. అందుకే చెప్తున్నాను, పెద్ద పేపర్ల ఆర్కైవ్‌లో లేదు కాబట్టి జరగలేదనుకోకు. షికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కొరియర్ లాంటి నల్లవాళ్ల పత్రికలు తిరగెయ్. మీ ఊళ్లో ఇప్పుడు నడుస్తున్నది ఏదో కనుక్కుని వారంవారం చదువు.

ఇక మన గురించి. నీ వ్యాసంలో ఇది అసలే లేదు. 2023 జనవరిలో సియాటిల్‌లో కర్నూలు జిల్లా నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ల విద్యార్థిని రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్లు దాటకూడని రోడ్డులో 74 మైళ్ల వేగం. ఆ అమ్మాయి ప్రాణం విలువ ఎంత అని ఇంకో పోలీసు ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన రికార్డింగు సెప్టెంబరులో బయటపడ్డాకే దేశం మొత్తానికి తెలిసింది. మన ఛానళ్లూ అప్పుడే ఊగిపోయాయి. నేనూ ఆ రాత్రి ఏడ్చాను. అయితే ఆ కోపంలో కూడా మనం అడగని ప్రశ్న ఒకటుంది. ఇలా నవ్వే అలవాటు ఆ పోలీసుకు మన అమ్మాయి దగ్గరే మొదలైందా? దశాబ్దాలుగా ఆ నవ్వు ఎవరు పడుతున్నారు?

మనకు నల్లవాళ్ల గురించి వార్త ఎప్పుడొస్తుంది? గ్యాస్ స్టేషన్లో మనవాణ్ని ఎవరో కాల్చినప్పుడు. మిగతా రోజుల్లో వాట్సాప్‌లో "ఆ ఏరియాకి వెళ్లకండి" అని ఫార్వర్డ్. మన పార్టీల్లో వాళ్లను పిలిచే పేరు నీకూ తెలుసు, ఇక్కడ రాయలేను. మనం ఇంతమందిమి ఇక్కడికి రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల. ఆ చట్టం వచ్చింది పౌరహక్కుల ఉద్యమం ఊపులో. కుక్కలను ఉసిగొల్పినా నిలబడ్డవాళ్లు తెరిచిన తలుపులోంచి లోపలికొచ్చి, వాళ్ల వీధికే వెళ్లొద్దని మన పిల్లలకు నేర్పుతున్నాం. ఇది రాస్తే మనవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. తెలుగులో ఈ మాట రాసేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పు?

కాబట్టి వ్యాసం మళ్లీ రాయి. 1619 తీసెయ్, దాన్ని రాయగలిగినవాళ్లు వేరే ఉన్నారు. లాండ్రీ రూమ్‌తో మొదలుపెట్టు. ఆవిడ ఏం ఉద్యోగం చేస్తుంది, కొడుకు వయసెంత, పోలీసులు ఎన్నిసార్లు ఆపారు, ఎక్కడ, ఏమని? టికెట్ ఇచ్చి ఉంటే ఆ కాయితం చూపిస్తుందేమో అడుగు. తేదీ, కోర్టు పేరు, జరిమానా ఎంతో రాసుకో. పేరు వెయ్యొద్దంటే వెయ్యకు. అడిగేముందు నువ్వెవరో, ఎందుకు అడుగుతున్నావో చెప్పు. ఆవిడ చెప్పనంటే చెప్పకపోవడం ఆవిడ హక్కు, బతిమాలకు. టికెట్ ఉంటే ఆ కోర్టు ఏ రోజు కూర్చుంటుందో చూసుకుని వెళ్లి వెనక కుర్చీలో కూర్చో. మీ టెక్సాస్‌లోనూ చాలా ఊళ్లకు మునిసిపల్ కోర్టు ఉంటుంది.

శనివారం బట్టలు ఉతకడానికి వెళ్తావుగా. ఫోన్ జేబులో పెట్టుకుని, చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లు. ఆవిడ పేరు ఇంతకీ అడిగావా?

ప్రేమతో,
మీ బాబాయ్