హాప్లోగ్రూప్ ‘ఎం’ వచ్చిందంటే మా వంశం అరవై వేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నట్టా?

డీఎన్ఏ పరీక్షకు ఉమ్మి శాంపిల్ పంపితే తల్లి వైపు హాప్లోగ్రూప్ (అంటే ఒకే పూర్వీకుల నుంచి దిగిన డీఎన్ఏ కొమ్మ) ‘ఎం’ అని వచ్చిందనీ, దీన్ని పట్టుకుని మా వంశం మొదటి నుంచీ ఇక్కడిదే అనుకోవచ్చా అనీ అడిగారు. అలా అనుకోలేం. అది మీ అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ... ఇలా వెనక్కి పోయే ఒక్క వరస గురించే చెబుతుంది.

ఎమ్మెస్సీ తర్వాత కొంతకాలం హైదరాబాద్‌లో ఒక జెనెటిక్స్ ల్యాబ్‌లో పనిచేశాను. ఊళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసుకునేవాళ్లం. ఫారంలో మనిషి ఊరే కాదు, అమ్మమ్మ పుట్టిన ఊరు కూడా రాసుకునేవాళ్లం. మీ ‘ఎం’ను తేల్చింది మైటోకాండ్రియా డీఎన్ఏ, అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగాల్లో ఉండే డీఎన్ఏ. అది తల్లి నుంచే వస్తుంది. ఆడపిల్లలేమో పెళ్లయి వేరే ఊరికి వెళ్లిపోతారు. అందుకే ఇంటిపేరు నడిచిన దారి వేరు, ఆ డీఎన్ఏ నడిచిన దారి వేరు. తాత ముత్తాతల పేర్లు గడగడా చెప్పేవాళ్లు కూడా అమ్మమ్మ వాళ్ల అమ్మది ఏ ఊరంటే ఆగిపోయేవారు. ఒక పెద్దాయన "మా రక్తంల మా ఊరి పేరు రాసుంటదా బిడ్డా?" అని అడిగాడు. మీరు అడుగుతున్నదీ దాదాపు అదే.

పది తరాలు వెనక్కి వెళ్తే లెక్కప్రకారం 1,024 మంది పూర్వీకులు. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒకే మనిషి రెండు మూడు చోట్ల కనబడొచ్చు, అసలు సంఖ్య తగ్గుతుంది. ఎంత తగ్గినా, అంతమందిలో మీ ‘ఎం’ వచ్చింది ఒక్క ఆవిడ నుంచే.

మరి ఇంత చిన్న ముక్కతో పాతకాలం మనుషుల వలసలు ఎలా కనిపెట్టారు? ఈ మైటోకాండ్రియా డీఎన్ఏలో సుమారు 16,569 అక్షరాలుంటాయి. తరాలు గడిచేకొద్దీ అక్కడక్కడా ఒక అక్షరం మారుతుంది, ఆ మార్పు కూతుళ్ల ద్వారా కిందికి దిగుతుంది. ఎవరి మార్పులు ఎవరితో కలుస్తున్నాయో చూసి చెట్టు గీస్తారు. 1987లో కాన్, స్టోన్‌కింగ్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు 147 మంది డీఎన్ఏతో అలా గీస్తే మొదలు ఆఫ్రికాలో తేలింది. అక్కడ ఎల్0 అనే కొమ్మ మొదలుకొని ఎన్నో పాత కొమ్మలున్నాయి. ఆఫ్రికా బయట పాతుకుపోయినవన్నీ దాదాపుగా ఎం, ఎన్ అనే రెండు కొమ్మల నుంచి వచ్చినవే. ఆ రెండూ ఎల్3 అనే కొమ్మ నుంచి చీలినవి. బయటికొచ్చిన వాళ్లు కొద్దిమందేనని చెప్పడానికి ఇది పెద్ద ఆధారం. నాకైతే ఈ విషయం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది.

2005లో హైదరాబాద్‌లోని మన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం)కి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం అండమాన్‌లోని ఓంగీ, గ్రేట్ అండమానీ తెగల మైటోకాండ్రియా డీఎన్ఏ పూర్తిగా చదివితే, ఎం నుంచి చాలా ముందే చీలిన కొమ్మలు బయటపడ్డాయి. పక్కనున్న నికోబారీలు మాత్రం ఆగ్నేయాసియా వాళ్లకు దగ్గరగా తేలారు. సముద్రంలో పక్కపక్కనే ఉన్నా, వచ్చిన దారులు వేరు.

మొత్తం జన్యువులు చూస్తే కథ ఇంకా కలగాపులగం. 2009లో ఇదే సీసీఎంబీ, హార్వర్డ్ వాళ్లతో కలిసి, నేటి భారతీయుల్లో చాలామంది కనీసం రెండు పాత జనసమూహాల కలయిక అని చూపించింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం మధ్య జరిగిందని 2013లో లెక్కగట్టారు. పాత ఎముకల డీఎన్ఏ ఉంటే ఇంకా గట్టిగా చెప్పొచ్చు గానీ, మన వేడికి అది నిలవదు. హరియాణాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 61 శాంపిళ్లు పరీక్షిస్తే పనికొచ్చింది ఒక్క మహిళదే.

మీ రిపోర్టులో ఉత్త ‘ఎం’ అని ఉంటే ఉపశాఖ ఏదో అడగండి. ఎం2 లాంటివి మన దేశంలోనే పాతుకున్న కొమ్మలు. డి, జి కూడా ఎం కిందివే, కానీ అవి తూర్పు ఆసియాలో ఎక్కువ. నాన్న వైపు వరస కావాలంటే తండ్రి నుంచి కొడుక్కే వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష వేరే ఉంటుంది. మీరు ఆడవాళ్లైతే దానికి మీ నాన్న గానీ, తోడబుట్టిన అన్నదమ్ముడు గానీ శాంపిల్ ఇవ్వాలి.