నాన్నగారి అరికాలి పుండు నెలన్నరగా మానట్లేదు, చిత్తూరులో వేలు తీసేయాలన్నారు – సమాధానం

ఇన్నాళ్లు కట్లు కట్టినా మానలేదంటే, షుగర్‌తో పాటు కాలికి రక్తం సరిగ్గా అందకపోవడం కారణం కావచ్చు.

1. వేలు తీయడానికి ఒప్పుకునే ముందు కాలి డాప్లర్ (నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేయించారా? చాలామంది వదిలేసేది ఇదే. చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే ఏబీఐ 0.9 కంటే తక్కువుంటే రక్తనాళాల్లో అడ్డు ఉన్నట్టే. షుగర్ ఉన్నవాళ్లకు నాళాలు గట్టిపడి రీడింగ్ నార్మల్‌గా కూడా రావచ్చు. అందుకే కాలి బొటనవేలి ప్రెజర్ కూడా చూడమని అడగండి. అడ్డు తొలగిస్తే చాలా పుళ్లు మానతాయి.

2. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికి పాత రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. షుగర్ డాక్టరు, సర్జన్ ఇద్దరూ చూసి మాట్లాడుకున్నాకే నిర్ణయం.

3. పుండు మీద బరువు పడకూడదు. మొక్కు ఉన్నా అలిపిరి మెట్లు ఇప్పుడు వద్దండీ.

కాలు నల్లబడినా, ఎర్రదనం పాకినా, జ్వరం వచ్చినా పైన చెప్పిన పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.