తీరం వెంట దారి చూడ్డానికి వెళ్తున్న చిన్నాకి

చిన్నా,

నువ్వూ నీ ఫ్రెండ్సూ రెండు బండ్లు వేసుకుని ఎడారి తీరం వెంట కొత్త రూట్ చూడ్డానికి వెళ్తున్నారని అన్నయ్య నిన్న ఫోన్లో చెప్పాడు, అప్పట్నుంచి నీకు చెప్పాల్సినవన్నీ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. నోటితో చెప్తే సగం నీకు గుర్తుండదు, సగం నేను మర్చిపోతా, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. ట్రిప్‌కి వెళ్లేవాడికి చివరిదాకా చేరాలని ఉంటుంది, దారి చూడ్డానికి వెళ్లేవాడికి ఆ పట్టుదల ఉంటే ప్రమాదం. నువ్వు తెలుసుకుని రావాల్సింది ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి, మధ్యలో ఏదైనా అయితే సముద్రం పక్క నుంచి పైకి ఎక్కే చోటు ఎక్కడుంది అని. ఈ మూడోది నేను కష్టపడి నేర్చుకున్నా. చాలా ఏళ్ల క్రితం, ఒక పక్క నిట్రంగా కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో 6 కిలోమీటర్ల సన్నటి ఇసుక పట్టీ, నీళ్లు తగ్గుతున్నాయి కదా అని రెండు బండ్లతో దిగాం. సగం దూరంలో ఒక టైరు రాయికి తగిలి పక్క గోడ చీలిపోయింది, జాకీ ఇసుకలోకి దిగిపోతోంది, దానికింద పెట్టడానికి చెక్క లేదు, గంటన్నర పోయింది. పౌర్ణమి వెళ్లి రెండు రోజులైందంతే, ఆ సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. మొదటి బండి ఎలాగో బయటపడింది, రెండోది రాత్రంతా సముద్రంలో ఉంది, పొద్దున చూస్తే సీట్ల దాకా ఇసుక. మనుషులం క్షేమంగా ఉన్నాం, అది చాలు, కానీ ఆ 6 కిలోమీటర్లలో పైకెక్కే దారి ఒకటుందని, మేం ఆగిన చోటికి 800 మీటర్ల దూరంలోనే ఉందని, తర్వాత శాటిలైట్ ఫోటో చూస్తే తెలిసింది. ముందే చూసుంటే ఆ బండి దక్కేది. అందుకే చెప్తున్నా, తీరం మీదికి దిగే ప్రతి చోటా పైకెక్కే చోటు ముందు గుర్తుపెట్టుకో, అది లేని ముక్క ఎంత పొడవుందో కొలుచుకో, ఆ పొడవుని బట్టే దిగాలా వద్దా అని తేల్చుకో.

ఆటుపోట్ల గురించి నీకు తెలుసు అనుకుంటావు, అయినా చెప్తా. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు (నీళ్లు పైకి రావడం), రెండుసార్లు పాటు (నీళ్లు దిగిపోవడం) వస్తాయి, ప్రతిరోజూ టైమ్ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి నిన్న పొద్దున 9కి ఖాళీగా ఉన్న బీచ్ ఇవాళ 9కి అలాగే ఉంటుందని అనుకోకు. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా దిగిపోతుంది, అష్టమి దాటాక తేడా తక్కువ. నీళ్లు ఒకే వేగంతో కూడా రావు, మొదటి గంటలో కొంచెం వస్తాయి, మధ్యలో మూడో గంట, నాలుగో గంట కలిపి చూస్తే మొత్తంలో సగం వచ్చేస్తాయి, చాలామంది మోసపోయేది ఇక్కడే, ఇంకా చాలా దూరంలో ఉంది కదా అని ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. సన్నటి పట్టీలోకి నీళ్లు తగ్గుతున్నప్పుడే దిగు, పూర్తి పాటుకి రెండు మూడు గంటల ముందు, పాటు టైమ్‌కి అవతలి ఒడ్డున ఉండేలా లెక్కేసుకో, అప్పుడు ఏదైనా ఆలస్యమైనా చేతిలో టైమ్ ఉంటుంది. ఇంకోటి, టైడ్ టేబుల్, అంటే ఆటుపోట్ల టైములూ ఎత్తులూ ఉండే పట్టిక, ఇచ్చేది ఏదో పోర్టుకి, నువ్వుండే చోట టైమూ ఎత్తూ వేరేగా ఉండొచ్చు, సముద్రం మీంచి గట్టిగా గాలి కొడుతుంటే టేబుల్‌లో ఉన్నదానికంటే నీళ్లు పైకొస్తాయి. ఒక తీరంలో నేర్చుకున్న లెక్క ఇంకో తీరంలో పనికిరాదు, ఎర్ర సముద్రంలో చాలా చోట్ల తేడా ఒక మీటరు కూడా ఉండదు, అదే మెక్సికోలో కాలిఫోర్నియా గల్ఫ్ ఉత్తరం కొసన 6 మీటర్లు దాటుతుంది. నమీబియాలో శాండ్‌విచ్ హార్బర్ దగ్గర ఇసుక కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి, పోటు టైమ్‌లో అక్కడ చక్రం పెట్టడానికి చోటు మిగలదు.

తీరం కదులుతుంది చిన్నా, ఇది పుస్తకంలో మాట అనుకోకు. 1909లో ఎడ్వర్డ్ బోలెన్ అనే ఓడ పొగమంచులో నమీబియా తీరాన ఒడ్డెక్కేసింది, ఇప్పుడు దాని అస్థిపంజరం నీళ్లకి కొన్ని వందల మీటర్ల లోపల ఇసుకలో ఉంది, సముద్రమే దాన్ని వదిలేసి వెనక్కి వెళ్లిపోయింది. కాబట్టి పాత మ్యాప్‌లో, ఎప్పుడో ఎవరో రికార్డ్ చేసిన ట్రాక్‌లో ఉన్న దారి ఇవాళ అక్కడ ఉందో లేదో తెలీదు. 2018 మేలో మెకును తుఫాను ఒమాన్ దక్షిణ తీరాన్ని కొట్టినప్పుడు వాగులు రోడ్లనే కోసుకుపోయాయి, ఇక ఇసుక దారుల గురించి చెప్పేదేముంది. నువ్వు వెళ్లే ముక్కలో చివరి పెద్ద వాన, చివరి తుఫాను ఎప్పుడొచ్చిందో కనుక్కుని, దాని తర్వాత తీసిన ఫోటోలే నమ్ము.

ఇంట్లో కూర్చుని చేసే పనికి వారం రోజులు పెట్టు, తక్కువ అనుకోకు. గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు కూడా చూడొచ్చు, ఒకే చోటిని నాలుగైదు ఏళ్లలో చూస్తే ఎక్కడ ఇసుక నిలకడగా ఉందో, ఎక్కడ మారుతోందో కనపడుతుంది. సెంటినెల్-2 అనే యూరప్ శాటిలైట్ ఫోటోలు ఉచితం, 10 మీటర్ల వివరమే ఉంటుంది కాబట్టి చక్రాల గుర్తులు కనపడవు కానీ కొన్ని రోజులకోసారి కొత్తది వస్తుంది, ఎక్కడ నీళ్లు నిలిచాయో తెలుస్తుంది. స్పష్టంగా ఉన్న ఫోటోలో బండ్ల గుర్తులు చదవడం నేర్చుకో. ఒకే గీత చక్కగా వెళ్తోందంటే నేల గట్టిగా ఉందని, అదే గీత పది పాయలుగా చీలిపోయిందంటే అక్కడ అందరూ ఇరుక్కుని పక్కనుంచి పోవడానికి చూశారని, తీరం వెంట వెళ్తున్న గీత ఉన్నట్టుండి లోపలికి తిరిగిందంటే ముందు ఏదో అడ్డం ఉందని, ఆ ఏదో ఏంటో తెలిసేదాకా నువ్వు కూడా లోపలికే తిరుగు. ఎత్తుపల్లాల డేటాని గుడ్డిగా నమ్మకు, ఉచితంగా దొరికేది ఎక్కువ భాగం 30 మీటర్ల గడుల్లో ఉంటుంది, 8 మీటర్ల నిట్రపు గట్టు అందులో చిన్న వాలులా కనపడుతుంది, నీడలు చూడు, నీడ దాచలేదు.

జీపీఎస్ అంకెలు రాసుకునేటప్పుడు అందరూ ఒకే పద్ధతిలో రాయండి. డిగ్రీలూ నిమిషాలూ ఒకరు, దశాంశాల్లో ఒకరు రాస్తే, అక్షాంశంలో ఒక నిమిషం అంటేనే 1.85 కిలోమీటర్లు, ఎడారిలో అంత తేడా వస్తే ఎదుటివాళ్లు ఉన్నా కనపడరు.

ఇప్పుడు నేను అన్నిటికంటే భయపడే నేల గురించి. సబ్ఖా అంటారు అరబ్బీలో, ఉప్పు పర్ర. పైన ఎండి తెల్లగా, గట్టిగా, రోడ్డులా ఉంటుంది, కింద బురద, ఎందుకంటే ఉప్పునీళ్లు నేలకి దగ్గర్లోనే ఉంటాయి, పైకి వచ్చి ఆవిరై ఉప్పు పొర వదిలేస్తాయి. ఒమాన్‌లో బర్ అల్ హిక్మాన్ దగ్గర అలాంటి పర్రలు కనుచూపు మేర ఉంటాయి. ఇసుకలో ఇరుక్కుంటే తవ్వుకుని రావచ్చు, పర్రలో తవ్వేకొద్దీ నీళ్లు ఊరతాయి, బండి కడుపు మీద కూర్చుంటుంది, మిగతా బండి దగ్గరికొస్తే అది కూడా దిగుతుంది. రంగు మారిన చోట, ముదురు గోధుమ రంగులో తడిగా మెరిసే చోట ఆగు, దిగి నడు, మడమతో గట్టిగా తొక్కు, ఒక ఇనప ఊచ పట్టుకెళ్లి గుచ్చి చూడు. మనిషి బరువుకి ఆగిన పొర బండికి ఆగుతుందని కాదు, కానీ మనిషికే ఆగకపోతే ఇక ఆలోచించక్కర్లేదు. ఉన్న చక్రాల గుర్తులు వదిలి పక్కకి పోకు, గుర్తులు పాతవై ఈ మధ్య వాన పడుంటే అవి కూడా లెక్కలోకి రావు. ఒక్క బండే ముందు వెళ్లాలి, రెండోది గట్టి నేల మీదే నిలబడి చూడాలి. స్టీరింగ్ బరువెక్కింది, ఇంజిన్ మూలుగుతోంది అనిపించిన మరుక్షణం, ఇంకా కదులుతుండగానే పెద్ద గుండ్రంగా తిప్పి నీ గుర్తుల మీదికి వచ్చేయ్, ఆపి ఆలోచిద్దాం అనుకుంటే ఆపిన చోటే దిగిపోతుంది.

ఇసుక సంగతి నీకు చాలావరకు వచ్చు. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైరుని ఇసుకలో 16-18కి దించు, ఇరుక్కుంటే 12 దాకా, అంత తక్కువలో గబుక్కున స్టీరింగ్ తిప్పితే టైరు రిమ్ము వదిలేస్తుంది, నెమ్మదిగా పో. మళ్లీ గట్టి రోడ్డెక్కగానే గాలి పట్టు, బద్ధకించకు, తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు వేడెక్కి పేలిపోతుంది. పొద్దున్నే ఇసుక చల్లగా, కాస్త తడిగా ఉండి గట్టిగా ఉంటుంది, కష్టమైన ముక్కలన్నీ 10 లోపు చూసేయ్. బీచ్ మీద గట్టి పట్టీ సాధారణంగా పోటు గీతకి కాస్త కిందుంటుంది, ఇంకా దిగి అలల అంచుకి పోతే అక్కడ ఇసుక నీళ్లతో నిండి మెత్తగా అయిపోతుంది, పెద్ద బండ్లు మునిగేది అక్కడే. ఆపేటప్పుడు బ్రేక్ కొట్టకుండా దానంతట అది ఆగనివ్వు, ముందుభాగం పల్లం వైపు ఉండేలా చూసుకో.

వాగులు సముద్రంలో కలిసే చోటు దగ్గర ఒక్క నిమిషం కూడా తొందరపడకు. పైన ఇసుక మేట వేసి ఎండినట్టుంటుంది, కింద బురద, గట్టు నిలువుగా కోసుకుపోయి ఉంటుంది, నడిచి దాటి చూసి అప్పుడే బండి దింపు. వాగులో టెంట్ వేయొద్దు, నీ నెత్తి మీద మబ్బు లేకపోయినా ఎక్కడో కొండల మీద పడిన వాన రాత్రికి నీ దగ్గరికి వస్తుంది.

బండి లాగేటప్పుడు ట్రైలర్ తగిలించే గుండుకి తాడు కట్టొద్దు, ఎవరు చెప్పినా సరే, అది విరిగితే తుపాకీ గుండులా ఎగురుతుంది, మనుషులు చనిపోయారు. గట్టి రికవరీ పాయింటు, అంటే బండిని లాగడానికే ఛాసిస్‌కి బిగించిన కొక్కెం, ఉన్న చోటే షాకిల్ (తాడు తగిలించే ఇనప కడియం) వెయ్యి, తాడు మధ్యలో బరువైన గుడ్డేదైనా వెయ్యి, అందరినీ తాడు పొడవుకి రెండింతల దూరం నిలబెట్టు. 1942లో నమీబియా తీరంలో డనెడిన్ స్టార్ అనే ఓడ దెబ్బతిని వందమందికి పైగా చిక్కుకుపోతే, వాళ్ల కోసం వచ్చిన విమానం ఇసుకలో కూరుకుపోయింది, సాయానికొచ్చిన టగ్ బోటు తనే పగిలిపోయింది, రోడ్డు మార్గాన వచ్చిన బండ్లు మాటిమాటికీ ఇరుక్కుంటూ వచ్చాయి. కాపాడ్డానికి వెళ్లినవాళ్లే కాపాడాల్సినవాళ్లయ్యారు. ఒక బండి దిగబడితే రెండో బండి డ్రైవరు ముందు దిగి నడవాలి అని నేను పట్టుబట్టేది అందుకే.

డీజిల్ మూడు భాగాలు చెయ్యి, ఒకటి వెళ్లడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోవద్దు. ఇసుకలో రోడ్డు మైలేజీలో సగం వస్తే గొప్ప. నీళ్లు మనిషికి రోజుకి 8 లీటర్ల చొప్పున, అనుకున్న రోజులకి ఇంకో మూడు రోజులు కలిపి, ఒకే డ్రమ్ములో కాకుండా రెండు బండ్లలో పంచి పెట్టు. ఫోన్ సిగ్నల్ లేని చోట మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ తప్పకుండా ఉండాలి, కానీ కొన్ని దేశాల్లో అనుమతి లేకుండా అది దగ్గరుంటే కేసవుతుంది, వెళ్లేముందే కనుక్కో.

పొగమంచు గురించి మర్చిపోయేవాణ్ణి. నమీబియాలో నమీబ్, చిలీలో అటకామా లాంటి ఎడారి తీరాల్లో చల్లటి సముద్ర ప్రవాహం వల్ల పొగమంచు రోజుల తరబడి ఉంటుంది, కొండంచు ఎక్కడో కనపడదు, అప్పుడు స్క్రీన్ మీద గీతని నమ్మి బండి నడపొద్దు, ఆగిపో, టీ పెట్టుకో.

అక్కడి జాలర్లని అడుగు. "ఇటు వెళ్లొచ్చా" అని అడిగితే మర్యాదకి వెళ్లొచ్చనే అంటారు. మీరు ఆఖరుసారి ఎప్పుడెళ్లారు, ఏ బండితో, నీళ్లు ఎక్కడున్నప్పుడు వెళ్లారు అని అడుగు, జవాబు వేరేగా వస్తుంది. వాళ్ల ఖాళీ పికప్ వెళ్లిన చోటికి సామాన్లతో నిండిన నీ బండి వెళ్తుందని కూడా అనుకోకు.

ప్రతి ముక్కకీ తారీఖు, టైము, పోటు ఎక్కడుంది, టైర్లలో గాలెంత, ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగి నడిచారు, ఇవన్నీ అప్పటికప్పుడే రాసుకో, రాత్రికి రాద్దాం అంటే అన్ని బీచ్‌లూ ఒకేలా గుర్తుంటాయి. వెనక్కి తిరిగిన చోట కూడా ఎందుకు తిరిగారో రాయి, నీ తర్వాత వెళ్లేవాడికి దానికంటే విలువైంది లేదు.

ఇంకో విషయం నాకు చాలా బాధగా ఉంటుంది. ఒమాన్‌లో రాస్ అల్ జింజ్ లాంటి చోట్ల తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, పైనుంచి బండి పోతే గుడ్లు నలిగిపోతాయి, గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు చక్రాల గాడిలో పడి సముద్రం చేరలేవు. గులకరాళ్ల మైదానాల్లో ఒక్కసారి పడిన చక్రం గుర్తు పదుల ఏళ్లు పోదు, దాన్ని చూసి ఇంకొకడు వస్తాడు, నువ్వు వేసిన మొదటి గీతే రోడ్డైపోతుంది. కాబట్టి గుడ్లు పెట్టే కాలంలో ఆ బీచ్‌ల మీదికి దిగొద్దు, అనుమతి కావాలంటే తీసుకో, ఇవ్వకపోతే ఆ ముక్క వదిలెయ్. రికార్డ్ చేసిన ప్రతి ట్రాకూ అందరికీ పంచాలని కూడా లేదు, కొన్ని నీ దగ్గరే ఉంచుకో.

రాగానే బండి కిందిభాగం మంచినీళ్లతో రెండుసార్లు కడుగు, ఉప్పు మూలల్లో కూర్చుని ఛాసిస్ తినేస్తుంది.

బయల్దేరే ముందు నీ రూట్ ఫైలూ, ఆ వారం టైడ్ టేబులూ నాకు పంపించు, పైకెక్కే చోట్లు గుర్తులు పెట్టి మరీ పంపించు, నేనూ కూర్చుని చూస్తా. రోజూ రాత్రి 8కి ఎక్కడున్నారో ఒక్క మెసేజ్ పెట్టు, రాకపోతే పొద్దున 8 దాకా ఆగుతా, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ నెంబర్లు కూడా నువ్వే ముందు రాసివ్వు.

మీ బాబాయ్