కథ పక్క ఊళ్లో ఉంది

అమ్మాయీ,

ఐర్లండ్ కరువు మీద నువ్వు రాసిన కథ చదివాను. మొదటి పేరాలోనే పది లక్షల మంది పోయారని చెప్పేశావు. లెక్క తప్పు కాదు. కానీ ఆ తర్వాత నీ ముసలాయన ఆకలితో చచ్చిపోతే చదివేవాడికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

నీకు కావలసిన సరుకు వేరేచోట ఉంది. కరువుకు నూరేళ్లు నిండిన 1945లో అక్కడి జానపద సంఘం ఊళ్లకు ప్రశ్నలు పంపి, పెద్దవాళ్లు చెప్పింది రాయించి పెట్టింది. చెప్పినవాళ్లు కరువును కళ్లారా చూసినవాళ్లు కారు, అమ్మానాన్నల దగ్గరా తాతల దగ్గరా విన్నవాళ్లు. వాళ్లలో చాలామంది ఒకటే మాట అంటారు: మా ఊళ్లో మరీ అంత లేదు, పక్క ఊళ్లోనే ఘోరం. సూప్ కోసం మతం మారినవాళ్లూ పక్క ఊరివాళ్లే! నీ కథ అక్కడ మొదలుపెట్టు.

సూప్ దగ్గర కాస్త ఆగు. 1847 వేసవిలో బ్రిటిష్ ప్రభుత్వం సూప్ కేంద్రాలు తెరిచి రోజుకు దాదాపు 30 లక్షల మందికి తిండి పెట్టింది. ఎందరి ప్రాణాలో నిలిపిన ఏర్పాటు అది, కొన్ని నెలలకే ఎత్తేశారు. అయినా జనం జ్ఞాపకాల్లో సిగ్గు కూడా మిగిలింది. గిన్నె పట్టుకుని నలుగురి ముందూ వరసలో నిలబడాలి కదా. జనంలో ఎక్కువమంది కేథలిక్కులు; కొన్నిచోట్ల ప్రొటెస్టెంట్ ప్రచారకులు తిండికి మతాన్ని ముడిపెట్టారు. అలా తిన్నవాళ్ల మనవళ్లకు కూడా దెప్పుళ్లు తప్పలేదు. క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖవాళ్లు మాత్రం ఏ షరతూ లేకుండా పెట్టారు, అదీ జనం మరిచిపోలేదు.

అంతకుముందు అమెరికా నుంచి మొక్కజొన్న తెప్పించారు. బంగాళాదుంప తప్ప ఎరగనివాళ్లకు దాన్ని వండటం తెలియదు. సరిగా ఉడకనిది తిని కడుపు నొప్పితో మెలికలు తిరిగారు. పసుపు రంగు చూసి, తెప్పించిన బ్రిటిష్ ప్రధాని పీల్ పేరు కలిపి 'పీల్ గంధకం' అన్నారు. ఆకలిలోనూ పోని ఆ వెటకారం నీ పాత్రల్లో ఒక్కరికీ లేదేం?

లండన్ ఖజానాలో కూర్చుని ఈ సాయానికి పగ్గాలు వేసిన ట్రెవెల్యాన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అంటే మన కోస్తా, సీమ జిల్లాలకూ దొరే. అలాగని అతన్ని విలన్ని చేసి చేతులు దులుపుకోకు.

ఇంకో ముచ్చట. ఇల్లాలు ఉన్న పిండంతా ఇరుగుపొరుగుకు పంచేస్తుంది, మొగుడు కోపంగా పిండిపెట్టె తెరిస్తే నిండుగా ఉంటుంది. ఇలాంటి కథలు అక్కడ చాలా ఊళ్లలో చెప్పుకున్నారు. వాడుకుంటే మూఢనమ్మకమని వివరించబోకు. పిండి లేని పక్కింటివాళ్లు ఆ కథను ఎలా విని ఉంటారో ఆలోచించు.

తిరగరాసి పంపు. ఆ పది లక్షలు మాత్రం కొట్టెయ్యి.