అవీచీలా డీజే కావాలంటే ముందు కంట్రోలర్ కొనాలా, ప్రొడక్షన్ నేర్చుకోవాలా?

ప్రశ్నలో రాసినదాన్ని బట్టి మీ దగ్గర ముప్పై వేలున్నాయి, ఓ మాదిరి లాప్‌టాప్ ఉంది, అవీచీ అంటే ప్రాణం. ఆ డబ్బు పెట్టి కంట్రోలర్ (పాటల్ని కలిపి వాయించే పెట్టె) తెచ్చుకోవాలా, సొంత ట్రాకులు చెయ్యడం, అంటే ప్రొడక్షన్, నేర్చుకోవాలా అని అడిగారు. కంట్రోలర్ ఇప్పుడే వద్దు. ఈ తరం డీజేల్లో పెద్ద స్టేజీ ఎక్కినవాళ్లను అక్కడిదాకా మోసుకెళ్లింది వాళ్లు చేసిన ట్రాకే. రెండు పాటల్ని అతుకు తెలియకుండా కలపడం ఆ తర్వాత వచ్చే పని. డచ్ డీజే మార్టిన్ గ్యారిక్స్ పేరు ప్రపంచమంతా తెలిసింది 2013లో వచ్చిన 'యానిమల్స్' వల్ల, అప్పటికి అతనికి 17 ఏళ్లు.

అవీచీ అసలు పేరు టిమ్ బెర్గ్‌లింగ్, ఊరు స్టాక్‌హోమ్. మన పురాణాల్లోనూ బౌద్ధంలోనూ ఉన్న అవీచి నరకం పేరే పెట్టుకున్నాడు. మైస్పేస్‌లో ఆ పేరు అప్పటికే ఎవరో తీసేసుకోవడంతో చివర ఇంకో 'ఐ' తగిలించాడు. మొదలుపెట్టింది పడకగదిలో, పాటలు చేసే ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌తో. అతన్ని నిలబెట్టిన 'లెవెల్స్' ట్రాక్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాటలా కాకుండా పనిలా ఒకసారి వినండి.

వేగం 126 బీపీఎం, అంటే నిమిషానికి 126 బీట్లు. మొదట్నుంచీ చివరిదాకా ఒకటే మెలొడీ. ఈల వేసుకుంటూ పాడుకోగలిగేంత తేలిక. మధ్యలో డ్రమ్స్ తప్పుకున్నాక గొంతు వస్తుంది. అది అమెరికన్ గాయని ఎట్టా జేమ్స్ 1962లో పాడిన పాటలోంచి తీసుకున్న ముక్క, అంటే శాంపిల్. గొంతు ఆగిన చోట మళ్లీ అదే మెలొడీ, ఈసారి నిండుగా. అంతే, ఇంకేమీ లేదు. అదే ముక్కని ప్రెటీ లైట్స్ అనే అమెరికన్ ప్రొడ్యూసర్ 2006లోనే వాడాడు. అందుకే 'మంచి శాంపిల్ దొరికితే హిట్టే' అనేవాళ్ల మాట నేను నమ్మను. లెవెల్స్‌ని నడిపించింది ఆ మెలొడీ. పియానో రోల్‌లో (సాఫ్ట్‌వేర్‌లో స్వరాలు పేర్చుకునే చోటు) ఒక్క పియానో శబ్దంతో మీ మెలొడీ వాయించి చూడండి. అక్కడ బాగా లేనిది ఇరవై సింథులు (ఎలక్ట్రానిక్ వాద్యాలు) పేర్చినా బాగుపడదు.

ఇంకో సంగతి. ఆ ట్రాక్ 2010 చివర్లోనే సెట్లలో వినిపించింది, విడుదలైంది మాత్రం 2011 అక్టోబరులో. ఈలోపు ఆగస్టులోనే ర్యాపర్ ఫ్లో రైడా దాన్ని వాడుకుని 'గుడ్ ఫీలింగ్' తెచ్చేశాడు. ట్రాక్ పూర్తి చెయ్యడం ఒక పని, బయటికి తేవడం ఇంకో పని.

ఇంట్లో చేసినవాళ్ల ట్రాకులు ఎక్కువగా దెబ్బతినేది కింది శబ్దాల దగ్గర. చిన్న స్పీకర్లలో బాగానే ఉంటుంది, పెద్ద డబ్బాల్లో పెట్టగానే అంతా కలిసి గుయ్‌మంటుంది. కారణం చాలాసార్లు ఒకటే: కిక్కూ (పెద్ద డ్రమ్ దెబ్బ) బేసూ (అడుగు స్వరాల వాద్యం) ఒకే చోట కొట్టుకోవడం. బేస్ ఎఫ్ స్వరంలో ఉంటే అది సుమారు 43.7 హెర్ట్జ్. కిక్ తోక (దెబ్బ తర్వాత సాగే శబ్దం) ఎఫ్ షార్ప్‌లో, అంటే 46 దగ్గర ఉంటే రెండూ కలిసిన చోట శబ్దం సెకనుకి రెండు మూడుసార్లు ఊగుతుంది. కిక్‌ని ట్యూన్ చెయ్యండి, లేదా తోక కత్తిరించండి. 126 బీపీఎంలో ఒక బీట్ అంటే 476 మిల్లీసెకన్లు. అందులో కిక్ ఓ 200 దగ్గర అయిపోతే మిగతాది బేస్‌కి దొరుకుతుంది. బేస్ మీద సైడ్‌చెయిన్ పెట్టి, అంటే కిక్ పడినప్పుడల్లా బేస్ తగ్గేలా చేసి, అటాక్ (తగ్గడానికి పట్టే సమయం) ఒక మిల్లీసెకను, రిలీజ్ (మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం) 150 నుంచి 250 మధ్య తిప్పుతూ వినండి. తర్వాతి కిక్ పడేలోపు బేస్ పూర్తిగా పైకి రావాలి. రిలీజ్ మరీ పొడుగైతే బేస్ ఎప్పటికీ తేరుకోదు, మరీ పొట్టిదైతే క్లిక్కుమంటుంది.

కిక్కూ బేసూ కాని ప్రతి శబ్దాన్నీ 100 నుంచి 150 హెర్ట్జ్ కింద కోసెయ్యండి. 120 కింద అంతా మోనోలో, అంటే కుడి ఎడమ తేడా లేకుండా, ఉంచండి. చాలా క్లబ్బుల్లో సబ్ (అట్టడుగు శబ్దం) మోనోలోనే నడుస్తుంది, మీరు వెడల్పు చేసిన సబ్ అక్కడ మాయమవుతుంది. మిక్స్ పీక్ (అన్నీ కలిపాక వచ్చే గరిష్ఠ స్థాయి) మైనస్ 6 డీబీ దగ్గర ఆపండి. మీకు నచ్చిన ట్రాక్‌తో పోల్చేటప్పుడు దాన్ని ఆరేడు డీబీ తగ్గించి పెట్టుకోండి. మాస్టర్ అయిన (విడుదలకి సిద్ధం చేసి శబ్దం పెంచిన) పాటతో పచ్చి మిక్స్‌ని పోల్చి కంగారుపడి లిమిటర్ (శబ్దాన్ని నలిపి బిగ్గరగా చేసే సాధనం) నొక్కేసేవాళ్లే ఎక్కువ. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (వినిపించే బిగ్గరతనానికి కొలత) దగ్గరికి దించేస్తుంది. నలగ్గొట్టినందుకు అక్కడ మీకు మిగిలేది నలిగిన శబ్దమే.

ఇక డబ్బు సంగతి. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట బయటికి తీసుకోవచ్చు గానీ, సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్లీ తెరుచుకోదు. నేర్చుకోవడానికి అది చాలు. కొనేటప్పుడు ఫ్రూటీ ఎడిషన్ కొని ఇరుక్కోకండి, దాంట్లో ఆడియో రికార్డింగ్ లేదు. ప్రొడ్యూసర్ ఎడిషన్ తీసుకోండి. ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. మిగిలిన డబ్బుతో వెనక మూసి ఉన్న మంచి హెడ్‌ఫోన్స్. క్రాక్ చేసిన ప్లగిన్‌ల జోలికి వెళ్లొద్దు. సగంలో ప్రాజెక్టు తెరుచుకోకపోతే ఆ ట్రాక్ చచ్చినట్టే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర జానపదాలకు కిక్ తగిలించి 'డీజే ఫలానా రీమిక్స్' అని యూట్యూబ్‌లో పెట్టేవాళ్లలో నిజంగా చెయ్యి తిరిగినవాళ్లున్నారు. బరాత్‌లో తీన్మార్ దెబ్బ ఎక్కడ పడాలో వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కానీ పల్లవి సగంలో ఉండగా సొంత పేరు అరిపించుకుంటారు, పాట హక్కులవాళ్లు క్లెయిమ్ వెయ్యగానే వచ్చే రూపాయీ పోతుంది. ఆ దరువు సొంతంగా వాయించి రికార్డ్ చేసి, మెలొడీ సొంతంగా కట్టుకుంటే ఆ ట్రాక్ పూర్తిగా వాళ్లదే అయ్యేది.

శాంపిల్‌కి అనుమతులు రెండు కావాలి: రికార్డింగ్ హక్కున్నవాళ్ల దగ్గర ఒకటి, పాట రాసి స్వరపరచినవాళ్ల హక్కులు చూసేవాళ్ల దగ్గర ఇంకోటి. ఆ ముక్కని మళ్లీ పాడించుకుంటే మొదటిది తప్పుతుంది, రెండోది తప్పదు. కలిసి పనిచేసినవాళ్లతో వాటాలు అదేరోజు కాగితం మీద రాసుకోండి, పాటల రాయల్టీలు వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) ఒప్పంద కాగితం పంపితే మొదట చూడాల్సింది మాస్టర్ (తుది రికార్డింగ్) హక్కు ఎవరిది, ఎన్నేళ్లు అన్నది. గ్యారిక్స్ అంతటివాడే 2015లో తన లేబుల్‌తో విడిపోయి, హక్కుల కోసం కోర్టు మెట్లెక్కి, 2016లో సొంత లేబుల్ పెట్టుకున్నాడు.

నాలుగైదు ట్రాకులు పూర్తయ్యాక అప్పుడు రెండు ఛానెళ్ల కంట్రోలర్ కొనండి. ప్రతి ట్రాక్‌కీ ముందూ వెనకా 16 బార్లు (64 బీట్లు) ఉత్త డ్రమ్స్ ఉన్న పొడుగు వెర్షన్ పెట్టుకోండి. 126లో అది అరనిమిషం, కలపడానికి సరిపోతుంది. క్లబ్బుకి వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే క్లబ్బుల్లో ఉండే సీడీజే ప్లేయర్ చదవదు. పాటల్ని కాపీ చెయ్యడం కాదు, రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎనలైజ్ చేసి ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. అలాంటి పెన్‌డ్రైవ్‌లు రెండు జేబులో ఉండాలి.

షోలు రావడం మొదలయ్యాక ఎన్ని ఒప్పుకుంటారన్నది మొదటే తేల్చుకోండి. అవీచీ 800 పైన షోలు చేశాడు. 2012లో పాంక్రియాటైటిస్‌తో (క్లోమం వాపుతో) ఆసుపత్రిలో చేరాడు, 2014లో గాల్‌బ్లాడర్, అపెండిక్స్ తీసేశారు. 2016 ఆగస్టులో ఇబిజాలో ఆఖరి షో చేసి టూర్లు మానేశాడు. 2018 ఏప్రిల్‌లో మస్కట్‌లో చనిపోయాడు, 28 ఏళ్లకే. ఒప్పందంలో పారితోషికంతో పాటు రెండు షోల మధ్య ఒక రాత్రి నిద్ర ఉండాలని కూడా రాయించుకోండి. చెవులకు మ్యుజీషియన్ ప్లగ్స్ మొదటి షో నుంచే వాడండి.