పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ ఆగిపోతే ముందు ఎగ్జిట్ తేదీ చూడండి

ఉద్యోగం మారి మూడు నెలలైనా పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ కావట్లేదా, పాత హెచ్ఆర్ ఫోన్ ఎత్తట్లేదా? పాత కంపెనీ మీ ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానేసిన తేదీ) ఎక్కించి ఉండకపోవచ్చు. అది మీరే వేసుకోవచ్చు.

1. యూఏఎన్ (మీ పీఎఫ్ సభ్యత్వ నంబర్) పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరవండి. పాత కంపెనీ వరుసలో ఎగ్జిట్ తేదీ ఖాళీగా ఉందేమో చూడండి.

2. పీఎఫ్ పాస్‌బుక్‌లో పాత కంపెనీ చివరి జమ ఏ నెల జీతానిదో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే! మీరు వేసే తేదీ ఆ నెలలోదే అయి ఉండాలి. రిలీవింగ్ లెటర్‌తో కూడా సరిపోల్చుకోండి. తొందరపడి తప్పు తేదీ వేయొద్దు.

3. 'మేనేజ్'లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కి, పాత పీఎఫ్ ఖాతా ఎంచుకుని, ఆ తేదీ వేసి, ఆధార్‌తో లింకైన మొబైల్‌కు వచ్చిన ఓటీపీ కొట్టండి. చివరి జమ తర్వాత రెండు నెలలు దాటితేనే ఇది కుదురుతుంది.

హిస్టరీలో తేదీ కనిపించాక ట్రాన్స్‌ఫర్ మళ్లీ పెట్టండి.